అవ్వ పేరు కార్డుల ఎక్కేదాక

2025 ఆగస్టుల మా అవ్వ (అమ్మ) గుండెకు స్టెంట్ వేసిండ్రు. లోపలికి తీసుకపోయి బయటికి తెచ్చేసరికి గంట కూడా కాలేదు. రేషన్ కార్డుల అవ్వ పేరు ఎక్కిచ్చి ఆరోగ్యశ్రీల ఆ గంట పని చేపిచ్చెటందుకు మేము మే నెల నుంచి తిరిగినం. ఎక్కడెక్కడ తిరిగినమో, ఎందుకు తిరగాల్సి వచ్చిందో రాస్తే, ముసలోళ్లున్న ఇంకో ఇంటికన్న ఆ మూడు నెలలు మిగులుతయని రాస్తున్న.

మాది హుజూరాబాద్ దగ్గర పల్లె. నేను పెండ్లయి హన్మకొండల ఉంటున్న, ప్రైవేటు బళ్లె పిల్లలకు లెక్కలు చెప్త. అన్న సూరత్‌ల మగ్గాల మీద పని చేస్తడు. ఊళ్లె అవ్వ, వదినె, ఇద్దరు పిల్లలు. నాయిన 2019ల పోయిండు.

అవ్వ బీడీలు చేస్తది. పొద్దటి పని ఒడిసినంక గడప పక్కన గోడకు ఒరిగి, చాట ఒళ్లె పెట్టుకొని కూసుంటది. రాత్రి నానబెట్టి తడిబట్టల చుట్టిన తునికాకును రేకు కొలత పెట్టి కత్తెరతోని కోస్తది. చిటికెడు తంబాకు పోసి చుడుతది, కొన గోటితోని మలుస్తది, దారం కడుతది. మాట్లాడుకుంటనే చేస్తది, చాట దిక్కు చూడది. యాభై ఏండ్లకు మించి ఆకు రాసుకొని రాసుకొని ఆమె బొటనవేళ్లు, చూపుడువేళ్లు అరిగిన పావలా బిళ్ల లెక్క నున్నగైనయి. ఆ వేళ్ల సంగతి ముందట మల్ల వస్తది.

అసలు కథ 2024 చలికాలంల మొదలైంది. మా ఆయన మా ఇంటికి హెల్త్ పాలసీ తీసుకుంటుంటే, అవ్వకు కూడా తీసుకుందామని ఏజెంటును అడిగిన. 65 దాటినోళ్లకు పాలసీ ఇయ్యరన్న అడ్డు 2024 ఏప్రిల్ నుంచి లేదని ఆయన చెప్తే సంబురపడ్డ. ఆధార్ ప్రకారం అవ్వకు 67, బీపీ ఉన్నది, షుగర్ ఉన్నది. అయిదు లక్షల పాలసీకి ఏడాదికి 36 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 42,480 రూపాయలని లెక్క రాసిచ్చిండు. ముందునుంచే ఉన్న రోగాలకు మూడేండ్ల దాక ఆగాల్సి ఉంటదని కూడా చెప్పిండు. అవ్వకు వచ్చే బీడీ పింఛన్ నెలకు 2,016. పన్నెండు నెలలది కలిపితే 24,192. సంవత్సరం పింఛన్ అంతా ప్రీమియం కింద కట్టినా ఇంకా 18 వేలు తక్కువ పడతది. తర్వాత 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ జీఎస్టీ తీసేసిండ్రు, మంచిదే. అయినా 36 వేలు 36 వేలే.

అవ్వకు చెప్తే, "మనకు ఆరోగ్యశ్రీ ఉన్నది గద బిడ్డా, నాయినకు గుండె ఆపరేషన్ గట్లనే చేపిస్తిమి గద" అన్నది. నిజమే. 2010ల నాయినకు హైదరాబాద్‌ల బైపాస్ చేస్తే, తెల్ల కార్డు చూపిచ్చి చేపిచ్చుకొని వచ్చినం. ఆ పథకం 2007 ఏప్రిల్‌ల మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్ల మొదలై మా దిక్కు వచ్చి ఎన్నో రోజులు కాలేదు అప్పటికి. ఇప్పుడైతే 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి సంవత్సరానికి 10 లక్షల దాక చేసిండ్రు. మనం ప్రీమియం కట్టేది లేదు. దవాఖాన బిల్లు హైదరాబాద్‌ల ఉన్న ఆరోగ్యశ్రీ ట్రస్ట్ కడతది. పింఛన్ మీద బతికే ముసలోళ్లకు దీనికి మించిన బీమా బయట దొరకదని నేను గట్టిగ నమ్ముత. అందుకనే ఏజెంటుకు వద్దని చెప్పి నిశ్చింతగ ఉన్న. కార్డు ఒక్కసారన్న తెరిచి చూడలేదు. అదే నేను చేసిన తప్పు.

మే నెలల అవ్వ చెరువుకట్ట మీద నడుస్తుంటే ఛాతిల బరువు పెట్టినట్టయి కూలవడ్డది. కొద్దిసేపు కూసుంటే తగ్గింది. రెండోసారి వచ్చినప్పుడు వదినె నాకు ఫోన్ చేసింది. హుజూరాబాద్‌ల ఈసీజీ తీసిన డాక్టరు వరంగల్ తీసుకపొమ్మన్నడు. ఎండాకాలం సెలవులు కాబట్టి నేనే ఊరికి పోయి, బస్సుల ఎల్కతుర్తి మీదికెళ్లి హన్మకొండ తీసుకొచ్చిన. ఒక ప్రైవేటు దవాఖానల ఎకో తీసిండ్రు. యాంజియోగ్రాం చేస్తెగని తెల్వదు, స్టెంట్ పడే లెక్కనే ఉన్నదన్నరు.

దవాఖానల ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరికి పోయి కార్డు నంబర్ ఇచ్చిన. ఆ పిల్లగాడు కంప్యూటర్ల కొట్టి, తెర నా దిక్కు తిప్పిండు. నాలుగు పేర్లున్నయి. అన్న, వదినె, పెద్దోడు, చిన్నది. అవ్వ పేరు లేదు.

"అక్కా, అమ్మ పేరు ఈ కార్డుల లేదు" అన్నడు.

"ఆమె పేరు మీదనే గద కార్డు?"

"ఇండ్లనైతే లేదక్కా. ఇంక వేరే కార్డు ఉన్నదా?"

అవ్వ పక్కనే బెంచీ మీద కూసొని కొంగుతోని మొఖం తుడుసుకుంటున్నది. తన పేరు లేదన్న మాట విన్నది. "నెలనెల బియ్యం తెచ్చుకుంటున్నం గద కొడుకా" అన్నది. ఆ పిల్లగానికి ఏం చెప్పాల్నో తోచలేదు.

ఇంటికొచ్చి ఆరా తీస్తే తెలిసింది. నాయిన పోయినంక, ఆయన పేరు తీసెయ్యమని అన్న దరఖాస్తు పెట్టిండు. ఆ తీసేసుడుల నాయిన పేరుతోని పాటు అవ్వ పేరు కూడా పోయింది. ఎవరి చేతిల పోయిందో ఇప్పుడు తెల్వదు. బియ్యం మాత్రం ఆగలేదు, ఎందుకంటే కార్డుల ఉన్నోళ్లల్ల ఎవరు వేలు పెట్టినా డీలర్ బియ్యం పోస్తడు. ప్రతి నెల వదినెనే వేలు పెట్టేది. బియ్యం తక్కువ వస్తున్నయంటే, నాయిన వంతు పోయింది అనుకున్నరు. రెండు వంతులు తగ్గినయని ఎవరు లెక్క చూడలేదు.

ఆ దవాఖానల లెక్కలు చూసే ఆయన, కార్డు లేకుంటే డబ్బులు కట్టి చేపిచ్చుకోవచ్చన్నడు. ఒక స్టెంట్‌కు లక్షా 70 వేలు. స్టెంట్ ధరకు 2017 ఫిబ్రవరి నుంచి కేంద్రం హద్దు పెట్టిందని నాకు తెలుసు, అదే అడిగిన. స్టెంట్ ధర వేరు, గది, డాక్టరు, మందులు, ల్యాబు వేరు అన్నడు. సూరత్‌కు ఫోన్ చేస్తే అన్న ఏడ్చిండు. సేటు దగ్గర అడ్వాన్స్ తీస్కుంట అన్నడు. అవ్వ ఒప్పుకోలేదు. "వాడు ఆడ రాత్రి షిఫ్టులు చేసేది నా గుండెల తీగ కోసమా? పేరు ఎక్కియ్యుండ్రి. అప్పటిదాక మందులు మింగుత" అన్నది.

డాక్టరును అడిగితే, అంత తొందరేం లేదు కాని నెలల మీద నెలలు పెట్టొద్దు అన్నడు. నొప్పొస్తే నాలుక కింద పెట్టే బిళ్లలు రాసిచ్చిండు. ఆ బిళ్లల డబ్బి అవ్వ మెడల దారానికి కట్టిన చిన్న సంచిల వేసినం.

మీసేవల పేరు చేర్చే దరఖాస్తు పెట్టుడు పావుగంట పని. అవ్వ ఆధార్, కార్డు జిరాక్స్, నాయిన మరణ ధ్రువీకరణ పత్రం. రసీదు ఇచ్చిండ్రు. తర్వాత మొదలైంది ఆగుడు. వారానికోసారి ఆ నంబర్ కొట్టి చూసేది. "తహసీల్దార్ లాగిన్‌ల పెండింగ్" అని వచ్చేది. ఆ ఎండల రేషన్ కార్డుల కోసం ఎన్ని దరఖాస్తులు వచ్చినయో ఆఫీసు వరండాల నిలబడ్డోళ్లను చూస్తెనే తెలిసింది. పెండ్లయి పదేండ్లయినా కార్డు లేని జంటలు, పిల్లల పేర్లు ఎక్కనోళ్లు, అందరు ఒక్కసారే వచ్చిండ్రు. మా కాగితం ఆ కుప్పల ఒక్కటి. అక్కడ పని చేసేటోళ్లకు కూడా తల ఎత్తే తీరిక లేదు. కాని రోగం ఉన్న మనిషి కాగితానికి, రోగం లేని మనిషి కాగితానికి తేడా లేకపోవుడు నాకు చాలా బాధనిపిచ్చింది. దరఖాస్తుల "వైద్య అవసరం" అని ఒక గడి ఉంటే ఏం పోతది? డాక్టరు చీటీ దానికి జతపరిస్తే ఆ కాగితం మీదికొస్తది. ఇది పెద్ద ఖర్చు పని కాదు.

జూన్ 12న బడులు తెరిచినయి. నేను సెలవు పెట్టే వీలు తగ్గింది. అదే నెలల ఒక రాత్రి వదినె ఫోన్. అవ్వకు చెమటలు పట్టినయి, ఎడమ చెయ్యి గుంజుతున్నదంటున్నది. బిళ్ల పెట్టినం, 108కు చేసినం అన్నది. నేను, మా ఆయన బండి మీద బయలెల్లినం. హసన్‌పర్తి దాటినంక రోడ్డు మీద లారీలు తప్ప ఏం లేవు. వానకు ముందటి గాలి. హుజూరాబాద్ చేరేసరికి అవ్వ మంచం మీద లేచి కూసొని ఉన్నది, చేతికి సెలైన్. నన్ను చూడంగనె, "పొద్దుగాల బడి ఉన్నది గద, ఎందుకొచ్చినవ్?" అన్నది. ఆ మాటకు నేను బయటికి పోయి గోడ దిక్కు తిరిగి చాలాసేపు నిలబడ్డ.

ఆ సోమవారం బడికి సెలవు పెట్టి కరీంనగర్ కలెక్టరేట్‌ల జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోయిన. ఈసీజీ, ఎకో రిపోర్టు, మీసేవ రసీదు, ఆ రాత్రి దవాఖాన చీటీ అన్నీ కలిపి కుట్టి, ఒకటిన్నర పేజీ అర్జీ రాసి ఇచ్చిన. అర్జీల మొదటి వాక్యం "నా తల్లి పేరు పొరపాటున తొలగించబడినది" అని పెట్టిన. కొత్తగ ఇయ్యమని కాదు, పోయింది తిరిగి పెట్టుమని అడుగుతున్ననని అర్థం కావాలె. నంబర్ వేసి రసీదు ఇచ్చిండ్రు. పది రోజులు కాకముందే గిర్దావర్ (రెవెన్యూ ఇన్స్పెక్టర్) ఇంటికి వచ్చి అవ్వను చూసి, పక్కింటోళ్లతోని సంతకం పెట్టిచ్చుకొని పోయిండు. జులై 14న రాష్ట్రంల కొత్త కార్డులు పంచుడు మొదలైంది. ఆ నెలల్నే అవ్వ పేరు ఎక్కింది. ఫోన్ల ఆ అయిదో పేరు చూసి అవ్వకు చదివి వినిపిచ్చిన. ఇంకోసారి చదువుమన్నది.

పేరు ఎక్కితే అయిపోలేదు. రేషన్ దుకాణంల ఈకేవైసీ చెయ్యాలె, అంటే వేలిముద్రతోని ఆ మనిషే అని రుజువు చూపాలె. డీలర్ మా ఊరోడే, అవ్వకు వరుసకు మరిది కొడుకు. మషిన్ మీద అవ్వ బొటనవేలు పెట్టిచ్చిండు. ఎర్రలైటు. చూపుడువేలు పెట్టిచ్చిండు. ఎర్రలైటు. పది వేళ్లు అయినయి. కన్ను పెట్టమన్నడు. ఒక కంట్లె పొర ఉన్నది, అది కూడా పట్టలేదు. "పెద్దవ్వా, నీ వేళ్లు బీడీలకిచ్చేసినవ్" అన్నడు బాధతోనే. ఫోన్‌కు ఓటీపీ రావాల్నంటే ఆధార్‌కు ఉన్న నంబర్ నాయినది, ఆ సిమ్ ఎప్పుడో మూలవడ్డది.

ఉపాయం చెప్పింది మా పక్కింటి పెద్దమ్మ. ఆమె కూడా బీడీలు చేసినామెనే. మూడు రోజులు ఆకు ముట్టొద్దు, పండుకునేటప్పుడు కొబ్బరి నూనె రాయాలె, పొద్దున గోరువెచ్చని నీళ్లతోని కడిగి మెత్తటి బట్టతోని ఒత్తి తుడవాలె. అవ్వ మూడు రోజులు ఉత్త చేతులతోని కూసొనుడు నేను పుట్టినప్పటి సంది చూడలేదు. చాట గోడకు నిలబెట్టి ఉన్నది. చేతులు ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వక మనుమరాలి జడలు విప్పి మల్ల మల్ల అల్లింది. నాలుగో రోజు దుకాణంల ఎడమచేతి ఉంగరపు వేలు పెడితే పచ్చలైటు వెలిగింది. ఆకు ముట్టనిది, దారం ముట్టనిది ఆ వేలొక్కటే ఉన్నట్టుంది. దవాఖానల కూడా ఆ వేలే పెట్టినం. ఆధార్ సెంటర్ల 50 రూపాయలు కట్టి నా ఫోన్ నంబర్ ఎక్కిచ్చినప్పుడు కూడా అదే వేలు.

ఇక దవాఖాన. మొదటి దవాఖానకే పోయినం. ఈసారి పేరు కనిపిచ్చింది. కాని లెక్కలాయన పక్కకు పిలిచి, ఆరోగ్యశ్రీల వచ్చేది మామూలు స్టెంట్, మంచిది కావాల్నంటే పైన 40 వేలు కట్టాలె అన్నడు. నేను బయటికొచ్చి ఆరోగ్యశ్రీ ఫిర్యాదులు తీసుకునే 104కు ఫోన్ చేసిన. అప్రూవల్ వచ్చిన చికిత్సకు రోగి ఒక్క రూపాయి కూడా కట్టాల్సిన పని లేదు, అడిగితే ఫిర్యాదు రాసుకుంటమన్నరు. రాయిచ్చిన. అయినా డబ్బు అడిగిన చోట అవ్వను పండపెట్ట బుద్ధి కాలేదు. ఆరోగ్యశ్రీ ఉన్న ఇంకో నెట్‌వర్క్ దవాఖానకు తీసుకపోయిన.

అక్కడి ఆరోగ్యమిత్ర ఒక ఆడపిల్ల, పాతికేండ్లుంటయి. అవ్వను "అమ్మమ్మా" అని పిలిచింది. కార్డు, ఆధార్ చూసింది, ఫొటో తీసింది, వేలు పెట్టిచ్చింది. యాంజియోగ్రాంల ఒక రక్తనాళం చాలా మూసుకపోయి ఉన్నదని తేలింది. ఆ బొమ్మలు, రిపోర్టులు ట్రస్ట్‌కు పంపిచ్చిండ్రు. అక్కడి డాక్టర్లు చూసి ఒప్పుకున్నంకనే ఇక్కడ ఆపరేషన్. ప్రాణం మీదికొస్తే ఫోన్ మీదనే అనుమతి తీస్కుంటరట. మాది తెల్లారి మధ్యాహ్నం వచ్చింది, సాయంత్రం స్టెంట్ వేసిండ్రు. మూడో రోజు ఇంటికి పంపిండ్రు. పోయేటప్పుడు పది రోజుల మందులు, దారి ఖర్చులు చేతిల పెట్టి, ఏ చికిత్స చేసిండ్రో రాసున్న కాగితం ఇచ్చి, ఇంకోసారి ఆ ఉంగరపు వేలు పెట్టిచ్చుకున్నరు. మా చేతి నుంచి పోయింది బస్సు కిరాయి, చాయలు, నా సెలవుల జీతం. అవ్వకు, నాకు బస్సు కూడా మహాలక్ష్మి టికెట్ మీద ఉచితమే, ఖర్చు మా ఆయనది.

ఇంకో సంగతి ఆ అమ్మాయే చెప్పింది. 70 నిండినోళ్లకు ఆదాయంతోని పని లేకుండ 5 లక్షల దాక వైద్యం ఇచ్చే వయ వందన కార్డు 2024 అక్టోబర్ 29 నుంచి కేంద్రం తెచ్చింది. వయసు ఆధార్ల చూస్తరు. అవ్వ ఆధార్ల పుట్టిన తేదీ 01-01-1957. మా ఊళ్లె ముసలోళ్లందరు జనవరి ఒకటో తారీఖునే పుట్టిండ్రు, ఆధార్ తీసేటోడు అట్ల రాసిండు. "పోలీస్ యాక్షన్ అయి ఆరేండ్లకు పుట్టిన్నని మా అవ్వ చెప్పేది" అంటది అవ్వ. అది అయింది 1948ల, అంటే ఆమె పుట్టింది 1954ల. అసలు లెక్కల ఆమెకు 71 నిండినయి, కాగితం లెక్కల ఇంకా 70 రాలేదు. మార్పిచ్చాల్నంటే పుట్టిన తేదీ రుజువు కావాలె. బడి ముఖం చూడని మనిషి దగ్గర అది ఎక్కడిది?

మా పని ఆగస్టుల అయిపోవుడు అదృష్టమే అనుకుంట. సెప్టెంబర్‌ల బకాయిలు రాలేదని ప్రైవేటు నెట్‌వర్క్ దవాఖానలు కొన్ని రోజులు ఆరోగ్యశ్రీ సేవలు బంద్ పెట్టినయి. ఆ పేపరు చదువుతుంటే, కార్డు పట్టుకొని బెంచీ మీద కూసున్న అవ్వనే కండ్లల్ల మెదిలింది. బిల్లులు వేళకు కట్టకపోతే ఆ బాధ పడేది దవాఖానల ముందట నిలబడ్డ ముసలోళ్లే.

బతుకమ్మకు ఊరికి పోయిన. అవ్వ బాగుంది. చెరువుకట్ట దాక ఆగకుండ నడిచింది. బీడీలు తగ్గించుమంటే ఇనలేదు, మల్ల రోజుకు మూడు వందల బీడీలకు వచ్చింది. సద్దుల బతుకమ్మ తెల్లారి నేను లేచేసరికి వాకిట్ల ఏడుగురు ఆడోళ్లు కూసొని ఉన్నరు. అందరు బీడీలు చేసేటోళ్లే. ఒక్కొక్కరి చేతిల ప్లాస్టిక్ కవరు, అండ్ల రేషన్ కార్డు, ఆధార్. అవ్వ పిలిచిందట.

ఫోన్ల ఒక్కొక్క నంబర్ కొట్టి, కార్డుల పేర్లు గట్టిగ చదివిన. ముగ్గురివి సక్కగ లేవు. ఒకామెది ఇంటిపేరు తప్పు, ఒకామెకు ఈకేవైసీ కాలేదు. కుమ్మరోళ్ల ముసలామె పేరైతే అసలే లేదు. కొడుకు వేరువడ్డప్పుడు పోయిందట. ఆమె చాలాసేపు ఆ ఫోన్ దిక్కు చూసింది. "నేను బతికే ఉన్న గద పిల్లా" అన్నది.

అవ్వ లేచి లోపలికి పోయి కొబ్బరి నూనె సీసా తెచ్చి ఆమె చేతిల పెట్టింది. "పొద్దు మాపు రాయి. సోమవారం దాక ఆకు ముట్టకు. మీసేవకు నేను వస్త" అన్నది.